రెండువందల పదిహేడు

పరగడుపున కూర్చోమని ముందురోజే చెప్పాను.
నేను వెళ్లేసరికి దండాసి మామ టీ తాగేశాడు.
"సక్కెరెయ్యలేదులే సూదమ్మా, ఉట్టి పాలే" అని
గమ్చాతో మూతి తుడుచుకున్నాడు.
మళ్లీ రేపు.

మర్నాడు
మోచేతి మడత దాకా కొమ్ముపొడి.
ఆకురాయి గీకిన బూడిదరంగు.
దూది మూడుసార్లు మార్చాను.
నరం జారింది, దొరికింది.
ఊదామూత గొట్టంలోకి
నల్లగా, నిదానంగా దిగింది మామ రక్తం.
పేరు రాయకూడదు, రూలు.
217 అని రాశాను.

ఎవరి ఫలితం వారికి చెప్పబడదు అన్న కాగితం
పైకి చదివి వినిపించింది నేనే.
ఒడియాలో సంతకం పెట్టి
తెలుగులో తిట్టాడు:
"నా రగతం నాకే సెప్పరేటి?"

బరంపురం బస్సులో ఐసుపెట్టె నా ఒళ్లో.
చేపలా, అన్నాడు కండక్టరు.
రక్తం, అన్నాను.
పక్కసీటావిడ లేచి వెళ్లి
పర్లాకిమిడి నుంచి నిలబడే వచ్చింది.

అక్కడి పెద్ద డాక్టరుగారు ఒకసారి విడమర్చారు.
మాంసకృత్తు అంటే పూసలదండ అట,
తెగితే పూసలు నెత్తుట్లో తిరుగుతాయట.
లూసిన్, ఐసోలూసిన్, వాలిన్
కొమ్మలున్న పూసలు.
చక్కెరజబ్బు మనిషిలో అవి పోగుపడి
గ్లైసిన్ అనేది అడుగంటితే
గుండె వైపు ఓ కన్నేసి ఉంచాలేమోనని
అనుమానం.
అనుమానమే, అని ఇంకోసారి నొక్కారు.
వందలమందిని కుప్పపోస్తే కనపడే వాలు అది,
ఒక్కడి జాతకం కాదు.

తలూపాను.
ఆవుకొమ్ములోనూ అవే పూసలా అనడిగితే
అవే, బిగించి అల్లినవి, అన్నారు.
ఆ వందలమందిలో
ఒక్కడి మోచెయ్యి నాకు తెలుసని మాత్రం చెప్పలేదు.

మహేంద్రతనయ ఎర్రగా పారే నెలలో
లేబుళ్లు సరిచూడమని పట్టిక నా ముందుకొచ్చింది.
అంకెలు కాదు, వరుస సంఖ్యలే చూడాలి నేను.
చూశాను.
217 ఎదురుగా మూడు పూసలూ ఎత్తున,
నాలుగోది పల్లంలో.

దువ్వెన కావాలని వంకపెట్టి వెళ్లాను.
దమయంతత్త పీట వేసింది.
మామ సగం చెక్కిన కొమ్మును
బల్బుకి అడ్డం పెట్టి తిప్పుతున్నాడు.
తేనెరంగు వెలుతుర్లో
వెంట్రుకంత గీత.
"పగులా మామా?"
"ఇంకా కాదు. అవ్వాలని సూస్తంది."
"మరేం చేస్తావు?"
"కొంగని సేద్దారనుకున్నాను.
మెడ సరీగా ఈడికే వస్తాది, ఇరిగిపోద్ది.
రొయ్యని సేస్తాను.
పారేస్తామేటి?"

గొంతు దాకా వచ్చింది అంకె.
మింగాను.
"గురువారం పెద్దాసుపత్రిలో
గుండెపటం తీస్తున్నారు, డబ్బుల్లేవు,
చక్కెరున్న అందరికీ చెప్పి వస్తున్నా" అన్నాను.
అప్పటికి ఎవరికీ చెప్పలేదు.
అది అబద్ధంగా మిగలకూడదని
మూడు సాయంత్రాలు, గొడుగు తిరగబడే వానలో,
మిగిలిన నలభై గడపలూ ఎక్కి దిగాను.
కొందరు కుక్కని వదిలారు.
ఒకామె బెల్లం పెట్టబోయి
నాలిక్కరుచుకుంది.

గురువారం పదకొండుమంది.
పన్నెండోవాడు దండాసి మామ,
ఇస్త్రీచొక్కాలో, పెదాలు ఎండిపోయి.
"నిన్న రాత్రి నుంచీ మంచినీళ్లు కూడా ముట్టలేదు, సూడు!"
దీనికి పరగడుపు అక్కర్లేదు మామా
అని చెప్పడం మర్చిపోయాను.

ఛాతీ వెంట్రుకల్లోనూ కొమ్ముపొడి.
చల్లటి జిగురుకి ఉలిక్కిపడ్డాడు.
గీత లేచింది, పడింది, లేచింది.
కాగితం పొడుగ్గా వచ్చింది.
కుర్రడాక్టరు దాన్ని చింపి
కిటికీ వెలుగుకి అడ్డం పెట్టి
చాలాసేపు చూశాడు.

మామ నా వైపు తిరిగాడు.
"ఇప్పుడు టీ తాగీమంటావా?"